వరహాలు తాగని నీళ్లు

స్కానింగ్ గదిలోంచి వరహాలు బయటికి వచ్చాడు. ఎక్కించిన మందు ఒంట్లోంచి పోవాలంటే నీళ్లు బాగా తాగాలని నర్సు చెప్పింది. నా సీసా అందించాను. మొహం తిప్పుకున్నాడు.

అతను నా భార్య జ్యోతిర్మయికి అన్న. గాజువాకలో బస్సు కోసం పరుగెత్తి ఆమె కుప్పకూలిన రోజున, పోస్టుమార్టం వద్దని నా కాళ్లావేళ్లా పడ్డాడు.

"పసుపూ కుంకుమతో పోయిన మనిషిని కోయించేత్తావేటి బావా?"

నేను వినలేదు. అప్పటి నుంచి అతను నా చేతి నీళ్లు ముట్టలేదు.

ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మలు మోస్తుంటే ఛాతీ పట్టేస్తోందని అతని భార్య చెబితే, నేనే వెంటబడి ఇక్కడికి తీసుకొచ్చాను.

"అప్పుడు దాన్ని కోయించినావు, ఇప్పుడు నన్ను మిషన్లోకి తోయించినావు. నీకిదే పనేటి?" అన్నాడు.

డాక్టరు తెర మీద గుండెను చూపించారు. పుట్టుకతోనే ఒక రక్తనాళం తప్పుచోట మొదలై, రెండు పెద్ద నాళాల మధ్య నుంచి వెళుతోంది. బరువెత్తినా, పరుగెత్తినా నలిగిపోతుంది. ఆపరేషన్‌తో సరిచేయవచ్చు.

జ్యోతిర్మయి గుండె గురించి పోస్టుమార్టం చేసినాయన చెప్పిందీ ఇదే.

"ఇది చాలా అరుదు. ఎక్కువగా మనిషి పోయాకే బయటపడుతుంది. మీకు ముందే అనుమానం ఎలా వచ్చింది?" అని డాక్టరు అడిగారు.

వరహాలు తెర దగ్గరికి జరిగాడు.

"మా సెల్లి సెప్పింది డాట్రుగారూ" అన్నాడు.

నా వైపు చూడకుండానే సీసా కోసం చెయ్యి చాచాడు.