వెర్లిన్ చేపలకి వెళ్ళిన శనివారం

ఈ ఏడు మొదటి మ్యాచ్ నలభై ఒకటికి సున్నాతో పోగానే హార్లో ఫాల్స్ ఊరంతా ఒక్క మాట మీదికి వచ్చింది. తప్పు వెర్లిన్ టోపీది.

"ఆ నీలం టోపీ పెట్టుకుని నువ్వొచ్చిన రోజున మన మిడతలు గెలిచిన పాపాన పోలేదు. అవతల పారెయ్యవయ్యా బాబూ," అన్నాడు మంగలి డెల్, వెర్లిన్ మెడకి తువ్వాలు బిగిస్తూ.

మిడతలంటే ఊరి కాలేజీ ఫుట్‌బాల్ జట్టు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. నెబ్రాస్కాలో మిగతా కాలేజీలన్నీ ఎద్దుల పేర్లూ తోడేళ్ళ పేర్లూ పెట్టుకుంటే, వీళ్ళ తాతలు ఏ లోకంలో ఉన్నారో గానీ మిడతల పేరు పెట్టారు.

వెర్లిన్ టోపీ పారేశాడు. జట్టు మళ్ళీ ఓడింది. అయితే సాక్సుదే తప్పన్నారు. సాక్సు మార్చాడు. ఆ వారం మనవాడొకడు బంతి చంకలో పెట్టుకుని, గుర్రంలా పరిగెత్తి, అవతలి గీత వదిలేసి మన వైపు గీతే దాటేశాడు. అవతలి జట్టు వాళ్ళు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.

"ఈసారి మైదానం కేసి వీపు పెట్టి నిలబడు," అన్నాడు డెల్.

నిలబడ్డాడు. ఆ రోజు కాస్త నయం, రెండే పాయింట్లతో ఓడారు.

గెలిచిన రోజున కాలేజీ చర్చి గంట కొట్టడం ఆనవాయితీ. ఈ ఏడు గంటలో పావురాలు గూడు కట్టి, పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు ఎగిరి కూడా పోయాయి. చివరి మ్యాచ్ ఒక్కటి మిగిలింది. అదీ పోతే జట్టే ఎత్తేస్తామని కాలేజీ పెద్దలు తేల్చి చెప్పేశారు.

వెర్లిన్‌కి అన్నీ ఆ మిడతలే. అరిచి అరిచి గొంతు పోయింది. నిద్ర లేదు. చిల్లీ అనే చిక్కుళ్ళ మాంసం కూరలో దాల్చినచెక్క రొట్టె ముంచి, తినడం మర్చిపోయి, కాగితం రుమాళ్ళ మీద ఆటలో ఎవరు ఎటు పరిగెత్తాలో సున్నాలూ ఇంటూలూ గీస్తూ కూర్చునేవాడు. దానికేముంది, ఆ ఊళ్ళో పాస్టరు కూడా ప్రార్థన పుస్తకం అంచుల్లో అవే గీస్తాడు.

"నా వల్లే మార్వా, అంతా నా వల్లే!" అని పెళ్ళాం దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మార్వా కాదనలేదు. వీపు నిమిరింది.

మనిషి వెన్నలాంటి వాడు. ఎవరి గుమ్మంలో మంచు పడ్డా పిలవకుండానే పార తీసుకుని వెళ్ళేవాడు. అలాంటివాణ్ణి పట్టుకుని మొహం మీద అసలు మాట అనడానికి ఊళ్ళో ఎవరికీ నోరు రాలేదు.

శుక్రవారం సాయంత్రం డెల్ ఇంటికొచ్చాడు. మార్వా అప్పటికే రొట్టెలు పొట్లం కట్టి, గాలం గుమ్మం దగ్గర పెట్టింది.

"రేపు మైదానం ఛాయలకి రాకు మహానుభావా. చెరువుకి వెళ్ళు. రేడియో కూడా పట్టుకెళ్ళకు," అంది.

"నేను లేకుండానా?"

"నువ్వు లేకుండానే. నీది ఐరన్ లెగ్ అని ఊరంతా తేలిపోయింది కదా!"

"కుర్రాళ్ళు నేను కనపడకపోతే బెంగ పెట్టుకుంటారేమో."

డెల్‌కి దగ్గొచ్చింది. "పెట్టుకోర్లే. అక్కడ మేం చూసుకుంటాం. నువ్వెళ్ళు."

మర్నాడు వెర్లిన్ పడవలో ఒంటరిగా కూర్చున్నాడు. చలి. గాలానికి ఎర గుచ్చడం కూడా మర్చిపోయాడు. ఊరి వైపు నుంచి హోరు వినిపించినప్పుడల్లా చెవులు గట్టిగా మూసుకుని, దేవుడా దేవుడా అనుకున్నాడు. జట్టు పోతే తను బతికి ఏం చెయ్యాలి?

పొద్దు వాలుతుండగా గంట మోగింది.

వెర్లిన్ ఎగిరి లేచి నిలబడ్డాడు. పడవ తిరగబడింది. నడుం లోతు నీళ్ళలో, గాలం పట్టుకుని, పిచ్చివాడిలా గంతులేశాడు. తడి బట్టలతోనే ఊళ్ళోకి వస్తే జనం అమాంతం భుజాల మీదికి ఎత్తుకున్నారు. బురద కొట్టుకుపోయిన కుర్రాళ్ళు అతన్ని చూసి ముందు గతుక్కుమన్నారు, తరవాత వచ్చి వాటేసుకున్నారు.

"ఇరవై ఎనిమిది పాయింట్ల తేడా! నువ్వే గెలిపించావయ్యా!" అని డెల్ ఏడ్చేశాడు.

"అయితే టోపీది కాదురా, నా కళ్ళదే దిష్టి!" అన్నాడు వెర్లిన్, సంతోషం పట్టలేక.

సోమవారం పొద్దున్నే కాలేజీ ప్రెసిడెంటు ఒక కొత్త గాలం కొని స్వయంగా ఇంటికి పట్టుకొచ్చి, రెండు చేతులతో అందిస్తూ, "వచ్చే ఏడు కూడా ప్రతి శనివారం మీరు చేపలకే వెళ్ళాలి, కోచ్ గారూ," అని బతిమాలాడు.