పాలకిచ్చిన మేక

"పిల్లను దింపు అక్కా! మంచిగుండదు చెప్తున్న!"

అలేఖ్య గేటుకు అడ్డంగా నిలబడింది. ఎదురింటి జగదేవి చంకలో మేకపిల్ల గింజుకుంటోంది. పెరట్లో తల్లిమేక తాడు తెంపుకునేలా గుంజుతోంది. అటూ ఇటూ గోడల మీంచి తలలు లేచాయి.

"నేనిచ్చిన మేక. దాని పిల్లను తీస్కపోతున్న. నీకెందుకు మంట?"

"ఎనిమిది నెల్లు మేపింది నేను! పుట్టిన్నాడు ఇది లేవకపోతే సీసాతోని తాపి బతికిచ్చింది నేను! నువ్వొక్కపారన్న తొంగి చూసినవా?"

భర్త ఉద్యోగం కోసం హైదరాబాదు నుంచి చిమ్కోడ్ పల్లెకు వచ్చిన అలేఖ్య, పెరడు చూసి మేకల మందనే కలగంది. ఆ మందకు మొదటి ఆడపిల్ల ఇదే.

"నేను పాలకిచ్చిన్నా లేదా? నిజం చెప్పు."

"ఇచ్చినవ్. పాలు తాగుమనే కదా! ఈనినకాడి నుంచి రోజూ నీకు గ్లాసెడు పంపుతనే ఉన్న."

జగదేవి నెత్తి కొట్టుకుంది. "ఓ పట్నపుదానా! తాగే పాలు కాదే, వాటా! రెండు పిల్లలైతే ఒకటి సాదినోళ్లది, ఒకటి మేక ఎవరిదో వాళ్లది. ఊర్ల ఎవల్నన్న అడుగు. ఎగ్గొట్టేటోళ్లకు సిగ్గుండాలె!"

"మరి గ్లాసులు గ్లాసులు తాగినప్పుడు చెప్పకపోతివి?"

"మల్లొక్కపారి చెప్పు జగదేవమ్మా, జెర గట్టిగ."

గేటవతల రుమాలు చుట్టుకున్న ముసలాయన, కమలనగర్ బస్సు దిగిన దుమ్ముతో.

జగదేవి గొంతు సన్నబడింది. "మొగులప్ప మామా... ఎప్పుడొచ్చినవ్?"

"ఎన్నిసార్లు చేసినా ఎత్తుతలేవు. నీ ఫోన్‌కు జరమొచ్చిందేమో, చూసి పోదామని."

"పంచాయితీకి మనిషిని పిలిపిచ్చుకున్నవా?" అలేఖ్య మండిపడింది. "ఎవరొచ్చినా పిల్లనియ్య!"

"అబ్బో, మిరపకాయ బజ్జీ లెక్కున్నవ్ కోడలా."

ఆయన లోపలికి వచ్చాడు. అంతవరకూ గుంజులాడిన మేక ఆయన చెయ్యి నాకుతూ నిలబడిపోయింది.

"సాదినోళ్లకొకటి, మేక ఎవరిదో వాళ్లకొకటి. అంతేనా జగదేవమ్మా?"

"...అంతే."

"నలుగురు విన్నరు. మాట మార్చొద్దు మల్ల."

జగదేవి చంకలోని పిల్లను తీసి అలేఖ్య చేతుల్లో పెట్టాడు. తల్లిమేక పక్కనున్న రెండోదాన్ని, పోతుపిల్లను, భుజాన వేసుకుని, జగదేవికి వంగి దండం పెట్టి బస్సు దారి పట్టాడు.

అలేఖ్య కోపం మళ్లీ భగ్గుమంది. "ఎవరాయన? పట్టపగలు పిల్లను ఎత్తుకపోతుంటే అట్ల చూస్తవేంది?"

జగదేవి నేల చూస్తూ గొణిగింది.

"మేక ఆయనదే."