చదవొచ్చిన బోర్డు

రోముకు యాత్ర వెళ్తుంటే, రాత్రి మా రైలు వియన్నాలో గంటసేపు ఆగింది. తమ్ముడు అబ్రహాం రొట్టె కోసం ఊళ్లోకి వెళ్తూ నవ్వాడు.

"నీకు సదవొచ్చే బోర్డు కనబడేదాంక దిగకక్కా!"

మా ఆయన పోయాక నాకు తెలుగు అక్షరాలు నేర్పింది వాడే.

రైలు కూత వేసింది. వాడింకా రాలేదు. పెట్టెలో నేనొక్కదాన్నే ఉన్నాను. కిటికీ అవతల ఒక దీపం వెలిగింది. దాని కింద బోర్డు మీద తెలుగులో ఉంది: నాచరం.

"సదివినవా అక్కా? మన ఊరొచ్చింది, జల్ది దిగు!"

చీకట్లోంచి తమ్ముడి గొంతు. ఆత్రంగా మెట్టు మీద కాలు పెట్టి, బోర్డు మళ్లీ చదివాను. 'చ'కు దీర్ఘం లేదు. పలక మీద నేను ఎప్పుడూ చేసే తప్పు అదే.

రైలు కదిలింది. కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

"దిగక్కా" అని మళ్లీ వినిపించింది. ఈసారి నా వెనక, ఖాళీ పెట్టెలోంచి.