ఈ మబ్బొకటి పోనీ

చింతతోపులో ఒక కొండముచ్చు, దాని కూతురు ఉండేవి. పొద్దు వాలగానే కూతురు వచ్చి తల్లికి వీపు పెట్టి కూర్చునేది. తల్లి పేలు ఏరుతుంటే, ఆ రోజు ఏ కొమ్మ మీంచి దూకిందో, ఎవరితో పోట్లాడిందో అన్నీ చెప్పుకునేది.

ఒకనాడు తల్లికి అద్దం ముక్క దొరికింది. అందులో ఆకులు ఊగేవి, మబ్బులు నడిచేవి. ఎంత వింతో! ఇక చూపు తిప్పితే ఒట్టు.

“అమ్మా, వీపంతా దురదే.”

“ఉండవే, ఈ మబ్బొకటి పోనీ.”

మబ్బు పోతే పిట్ట వచ్చేది, పిట్ట పోతే ఇంకో మబ్బు. కూతురు కొన్నాళ్లు అలాగే వీపు పెట్టి కూర్చుంది. తర్వాత రావడం మానేసింది. తల్లి అదీ గమనించలేదు.

ఒకరోజు అద్దం చేయి జారి, బండ మీద పడి ముక్కలైంది. తల్లి తలెత్తి చూస్తే కూతురు తనంత అయింది.

“రావే నా తల్లీ, పేలు చూస్తాను.”

“పక్కచెట్టు పిన్ని చూసేసిందమ్మా. రోజూ ఆవిడే చూస్తుంది,” అంది కూతురు మామూలుగానే.

“పోనీ, కబుర్లైనా చెప్పవే.”

“అవీ పిన్నికే చెప్పేశానమ్మా.”

అలిగి ఉంటే కాళ్లావేళ్లా పడి బతిమాలుకునేది పిచ్చితల్లి. కూతురు అలగనైనా లేదాయె.