సబ్బు పూత

ఆసుపత్రి గేటు దగ్గరి ఎత్తు ఎక్కలేక వ్యాను మళ్ళీ ఆగిపోయింది.

లోపల ఆసుపత్రి ముద్ర ఉన్న దుప్పట్లు, ఉతికి మడతపెట్టినవి. గేటు దగ్గర గడియారం చూసుకుంటూ స్టోరు మేనేజరు.

"ఇంకోసారి ఆలస్యమైతే ఈ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానమ్మా. రోగులకి మీ ఇంజిన్ కథలు చెప్పలేను" అన్నాడాయన.

లాండ్రీ అక్కయ్య పళ్ళ బిగువున ఊఁ కొట్టింది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కయ్యే. ఆసుపత్రి పని పోతే లాండ్రీ మూతపడినట్టే.

సాయంత్రం వాళ్ళన్నయ్య పాత పాటే ఎత్తుకున్నాడు.

"తుక్కు కింద ఇచ్చేసి చేతులు దులుపుకుందామే. నీ పంతం కోసం ఇద్దరం మునగాలా?"

"దాని రోగమేమిటో కనిపెట్టేదాకా అమ్మేది లేదన్నయ్యా."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"ఈ బండికి నేనే డాక్టర్ని."

అన్నంత పనీ చేసింది. ఒకసారికి ఒకటే మార్చడం, ట్యాంకు నింపడం, ఎంత దూరం వస్తుందో చూడటం. గాలి ఫిల్టరు మార్చింది. టైర్లలో గాలి సరిచూసింది. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని జాకీ మీద లేపి, ఒక్కో చక్రం చేత్తో తిప్పి చూసింది. అన్నీ హాయిగా తిరిగాయి. డీజిల్ ఫిల్టరు మారిస్తే కొన్నాళ్ళు బాగానే లాగి, మళ్ళీ దగ్గడం మొదలుపెట్టేది. మైలేజీ మాత్రం ఏ రోజూ పెరగలేదు.

"ఈ బండి డీజిల్ తాగట్లేదే అమ్మాయ్, మింగేస్తోంది" అని మెకానిక్ బాబాయ్ తల గోక్కున్నాడు. "ఎక్కడైనా కారుతోందేమో?"

"రోజూ పొద్దున్నే వంగి చూస్తున్నా బాబాయ్. నేల మీద చుక్క మరక లేదు."

"అయితే ఎవడో తీస్తున్నాడు."

ఆ మాటతో ఆమెకి ఎదురుగా మూసేసిన కొట్టు అరుగు గుర్తొచ్చింది. కొన్నాళ్ళుగా అక్కడ ఒక మనిషి పడుకుంటున్నాడు. తలకి ఆకుపచ్చ మఫ్లరు, చంకలో సంచీ. ఒకసారి దగ్గరికొచ్చి "అమ్మా, మీ బండి కింద..." అని ఏదో చెప్పబోతే, "కడగడానికి మాకు మనుషులున్నారయ్యా, వెళ్ళు" అని పంపించేసింది. పైగా ఈమధ్య తొట్టి దగ్గర సబ్బు ముక్కలు కూడా మాయమవుతున్నాయి.

మర్నాడు తెల్లవారుజామునే తలుపు చాటున కాపు కాసింది.

అనుకున్నట్టే, వ్యాను కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపించాయి.

"ఎవడ్రా అది? బయటికి రా!"

మఫ్లరు మనిషి పాక్కుంటూ వచ్చాడు. అక్కయ్య చెయ్యి పట్టుకు చూసింది. గుప్పుమని డీజిల్ వాసన.

"నేను తీయలేదమ్మా. కింద..."

"చేతికి డీజిల్, గుప్పిట్లో నా సబ్బు. ఇంకా బుకాయిస్తావా?"

"పని సగంలో ఉందమ్మా. ఒక్క నిమిషం..."

"సగంలోనే దొరికావు! మళ్ళీ ఈ వీధిలో కనిపిస్తే మర్యాద దక్కదు."

సబ్బు లాగేసుకుంది. అతను వ్యాను వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి, సంచీ తీసుకుని తల వంచుకుని వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకుని, ట్యాంకు నిండుగా పోయించి, దుప్పట్లతో బయల్దేరింది. సగం దారిలో బండి ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ. వెనక రోడ్డు పొడవునా తడి చార.

మెకానిక్ బాబాయ్ వచ్చి కింద దూరాడు. కాసేపటికి చెయ్యి బయటికి చాపాడు. వేళ్ళ మధ్య నల్లటి ముద్ద.

"ట్యాంకుని పట్టుకునే బెల్టు దగ్గర పగిలిందే. గతుకుల్లో డీజిల్ బయటికి పోతోంది. మట్టీ, బండి కడిగిన నీళ్ళూ లోపలికి పోయి ఫిల్టరు మూసుకుపోతోంది. నీ రెండు రోగాలూ ఇక్కడే ఉన్నాయి. ఎవరో మహానుభావుడు సబ్బు పూశాడు కాబట్టి ఇన్నాళ్ళూ ఆసుపత్రికి చేరావు."

"సబ్బా?"

"పాత లారీవాళ్ళ చిట్కా. పగుల్లో మెత్తితే కాసేపు ఆగుతుంది. పూత మీద పూత, ఎన్నిసార్లు పూశాడో! అందుకే నీకు మరక కనపడలేదు, నాకు పగులూ కనపడలేదు. ఇవాళెందుకో పాతది గీకి, కొత్తది పూయకుండా వదిలేశాడు."

పొద్దున అతని గుప్పిట్లోంచి తను లాగేసుకున్న సబ్బు ముక్క అక్కయ్యకి గుర్తొచ్చింది.

కానీ కూర్చుని ఏడిస్తే దుప్పట్లు చేరవు. మేనేజరుని కాళ్ళావేళ్ళా పడి ఒక్క రోజు గడువు అడిగింది. ట్యాంకు దింపించి, దగ్గరుండి కడిగించి, అతుకు వేయించింది. సాయంత్రం చుట్టుపక్కల వీధులన్నీ గాలించింది. మఫ్లరు మనిషి ఎక్కడా లేడు. క్షమించమని అడగాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది.

మర్నాడు వ్యాను ఒక్కసారైనా దగ్గకుండా ఆసుపత్రి ఎత్తు ఎక్కేసింది.

దుప్పట్లు తనే ఆడవాళ్ళ వార్డులోకి మోసుకెళ్ళింది.

"ఆ చివరి మంచానికి ఇవాళ వద్దులెండి అక్కయ్యా" అంది నర్సు. "వాళ్ళు పొద్దున్నే ఇంటికెళ్ళిపోయారు. పాపం, మీ బండి కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూసేది ఆవిడే. నెలల తరబడి పడకలోనే ఉంది. పొద్దున్నే దుప్పటి మార్చకపోతే వీపంతా మంట."

"తోడెవరూ లేరా?"

"వాళ్ళాయన ఉండేవాడు. రాత్రి ఇక్కడ మగవాళ్ళని ఉండనివ్వం కదా, ఎక్కడ పడుకునేవాడో ఏమో, తెల్లారేసరికి ఆకుపచ్చ మఫ్లరు చుట్టుకుని వచ్చేసేవాడు."

దుప్పట్లు దించబోతున్న అక్కయ్య చేతులు ఆగిపోయాయి.

"వస్తూనే ఆవిడతో ఒకటే మాట, 'ఇవాళ దుప్పటి వస్తుందే, బండి నేను చూసే వచ్చా' అని. మొన్నటిదాకా ఒక్కరోజూ ఆ మాట తప్పలేదు. నిన్న మీరు రాకపోయేసరికి ఆవిడ చెయ్యి పట్టుకుని, 'తప్పు నాదేనే, పని సగంలో వదిలేసి వచ్చా' అని ఒకటే ఏడుపు, ఆ పిచ్చి మారాజు!"