కాచిన జ్వరం

"జ్వరం లేదమ్మా. నేనేం చెయ్యలేను," అంది డాక్టరమ్మ.

అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. కోడలికి ఐదో నెలలోనే ఉమ్మనీరు పోయింది. బిడ్డ దక్కదని ఈ డాక్టరమ్మే చెప్పింది. ఆలస్యమైతే తల్లి కూడా దక్కదని చెప్పిందీ ఈవిడే. కానీ బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోందట. తల్లి ప్రాణానికి ముప్పని తేలితే తప్ప గర్భం తియ్యకూడదని కొత్తగా వచ్చిన చట్టమట. ముప్పు తేలాలంటే ముందు జ్వరం రావాలట!

"అంటే మా పిల్ల చావు దాకా వెళ్తే గానీ మీరు వైద్యం మొదలెట్టరన్నమాట! ఎవడు తల్లీ ఈ చట్టం రాసింది? వాడెంతమందిని కన్నాడట?"

మంచం మీద కోడలు అంత ఏడుపులోనూ ఫక్కున నవ్వింది. "ఊరుకోండి అత్తయ్యా."

డాక్టరమ్మ నవ్వలేదు. నర్సును పిలిచి పొగలు కక్కే టీ తెప్పించుకుంది. కప్పు మంచం పక్క బల్ల మీద పెట్టింది. థర్మామీటరు అత్తగారి చేతికిచ్చింది.

"మీరే పెట్టి చూడండి. నేనో ఫోను మాట్లాడాలి," అని కిటికీ వైపు తిరిగింది.

అత్తగారు థర్మామీటరును చూసింది. కప్పును చూసింది. బుడుంగున ముంచేసింది.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "నూట ఎనిమిదా! మనిషి ఉడికిపోదూ? ఇదేదో పాడైనట్టుంది. విదిలించి మళ్ళీ పెట్టండి," అని విసుక్కుని మళ్ళీ ఫోనందుకుంది.

ఈసారి అత్తగారు ఇలా ముంచి అలా తీసింది. నూటమూడు.

"అయ్యో, జ్వరం కాసేస్తోందే! సిస్టర్, రాసుకోండి. వెంటనే లోపలికి తీసుకెళ్ళండి," అంది డాక్టరమ్మ.

పోయిన బిడ్డ కోసం అత్తాకోడళ్ళిద్దరూ కరువుతీరా ఏడ్చారు. కోడలు మాత్రం దక్కింది. నాలుగు రోజులకే లేచి కూర్చుని వేళాకోళం మొదలెట్టింది.

"జ్వరం భలే కాచారు అత్తయ్యా!"

"నాదేముందే! ఆ డాక్టరమ్మ ఉత్త వెర్రిబాగుల్ది. వెనకాల ఇంత జరుగుతుంటే కనిపెట్టలేకపోయింది," అని అత్తగారు మురిసిపోయింది. మళ్ళీ అంతలోనే మనసు పీకింది. పాపం, ఆవిడ నోటికాడి టీ తను పాడుచేసింది కదా!

ఇంటికి వెళ్ళే రోజు ఫ్లాస్కు నిండా చిక్కటి టీ పెట్టి తెచ్చింది. "డాక్టరమ్మకి ఇవ్వమ్మా," అని నర్సు చేతిలో పెట్టింది.

నర్సు ముసిముసిగా నవ్వింది.

"ఆవిడకెందుకు మామ్మగారూ, మా డాక్టరమ్మ పుట్టి బుద్ధెరిగాక టీ ముట్టలేదు!"