బట్టీ కాడ దిగే పెద్దాయన

జహీరాబాద్ బస్టాండులో ముసలాయన ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టాడు. రెండోది ఇంకా నేల మీదే ఉంది.

కండక్టర్ ప్రవీణ వాచీ చూసుకుంది. పొద్దున ఆరూ ఇరవై. ఇప్పటికే ఐదు నిమిషాలు ఆలస్యం.

"జర జల్ది ఎక్కు పెద్దయ్యా."

"ఎక్కుతున్న బిడ్డా. కాలు మాట వింటలేదు."

చంకలో సంచి. సంచిలో జొన్నరొట్టెలు. మూడు నెలలుగా రోజూ ఇదే బస్సు, ఇదే సంచి, ఇదే తంతు.

ఐదు నిమిషాలంటే మనకు ఒక చాయ్. ప్రవీణకు దగ్గర దగ్గర కిలోమీటరు.

ఆదివారం హైదరాబాద్‌లో పది కిలోమీటర్ల పరుగు ఉంది. గంటలోపు ముగిస్తే సంస్థ ఉద్యోగుల పరుగు జట్టులో చోటు. ముప్పై ఐదేళ్లు దాటితే తీసుకోరు. ఆమెకు వచ్చే నెలలో నిండుతాయి. బడిలో ఉండగా కోహీర్ మండలం మొత్తంలో ఆమెను దాటిన పిల్ల లేదు. పెళ్లయ్యాక పరుగంతా పొయ్యికీ బస్సుకీ మధ్యనే.

నాలుగింటికి లేచి వంట. రాత్రి తొమ్మిదికి ఇల్లు. మధ్యలో దొరికింది ఒక్కటే సందు, న్యాల్‌కల్ అవతల చివరి ఊళ్లో బస్సు ఆగే ముప్పావు గంట. అక్కడ దిగగానే బూట్లు కట్టుకుని, వచ్చిన రోడ్డు మీదే వెనక్కి ఉరుకుతుంది. బస్సు ఆలస్యమైతే ఆ ముప్పావు గంటలోంచే కోత.

ఆ కోతంతా ఈ ముసలాయన పుణ్యమే.

పోనీ ఆయన ఊరిదాకా వస్తాడా అంటే అదీ లేదు. రెండు కిలోమీటర్ల ముందు, మూతబడ్డ ఇటుక బట్టీ దగ్గర దిగుతాడు. దిగడానికి మళ్లీ రెండు నిమిషాలు. అక్కడ ఇల్లు లేదు, మనిషి లేడు. ఐదారు కుక్కలు మాత్రం ఉంటాయి. ప్రవీణ ఉరుక్కుంటూ వచ్చేసరికి వాటిని చుట్టూ కూర్చోబెట్టుకుని రొట్టె తుంచి వేస్తుంటాడు. ఆమె తిరిగి వచ్చేటప్పుడూ ఇంకా తుంచుతూనే ఉంటాడు. కుక్కలు తలెత్తి ఆమెను చూస్తాయి. ఆమె రోడ్డు అవతలి అంచుకు జరిగి ఉరుకుతుంది.

ఆ సోమవారం టికెట్ కొడుతూ ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"నీ రొట్టెలకే కుక్కలన్నీ ఆడ జమైతున్నయి పెద్దయ్యా. నేను ఉరికే తొవ్వ అది."

"జమ కావాలనే ఏస్తున్న బిడ్డా."

"నాకు భయమైతది."

"నేనున్న గద. ఫికర్ జెయ్యకు. నువ్వు ఉరుకు."

ఇదేం మనిషిరా బాబూ అనుకుంది.

మంగళవారం ఐదు కిలోమీటర్లకు ముప్పై రెండు నిమిషాలు పట్టింది. ఆ లెక్కన పదికి గంట దాటుతుంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

బుధవారం బస్సు బయల్దేరే వేళకు ముసలాయన దూరంగా చాయ్ హోటల్ పక్క నుంచి కుంటుకుంటూ వస్తున్నాడు. సంచి ఉన్న చెయ్యి పైకెత్తాడు.

డ్రైవర్ గురులింగప్ప అద్దంలో చూశాడు.

"చెల్లె, పెద్దాయన వస్తున్నడు."

ప్రవీణ చూడనట్టే నిలబడింది. ఆయన లేకుంటే టైము మిగులుతుంది. రొట్టెలు లేకుంటే కుక్కలూ ఉండవు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

"రైట్ అన్నా, రైట్."

బస్సు ఏడు నిమిషాలు ముందే చేరింది. మొదటి కిలోమీటరు ఐదున్నర నిమిషాల్లో అయిపోయింది. చాన్నాళ్లకు ఆమెకు పరుగులో నవ్వొచ్చింది.

బట్టీ మలుపులో కుక్కలన్నీ రోడ్డు మీదే ఉన్నాయి. జహీరాబాద్ దిక్కు చూస్తూ నిలబడ్డాయి. అడుగుల చప్పుడుకు ఇటు తిరిగాయి.

ప్రవీణ వెనక్కి తిరిగి ఉరికింది. మూడు నెలల కష్టమంతా ఆ కాళ్లలో ఉంది. చాలలేదు.

పాలక్యాన్లతో వస్తున్న బండి ఆయన కుక్కలను అదిలించి, ఆమెను ఊళ్లో దేవమ్మ చాయ్ కొట్టు దగ్గర దించాడు.

దేవమ్మ చెంబుతో నీళ్లు పోసింది.

"సబ్బు ఇంక జర రుద్దు. జల్ది దవాఖానకు పోయి సూదులు ఏసుకోవాలె."

పిక్కలో పళ్లు లోతుగా దిగాయి. ఆదివారం పోయింది. ప్రవీణ దాచుకోకుండా ఏడ్చింది.

"మీ నాయిన ఇయ్యాల రాలేదా?" అడిగింది దేవమ్మ.

"మా నాయినా?"

"గదే, రొట్టెల సంచి తెచ్చేటాయన. రేవణసిద్ధప్ప."

మూడు నెలలు రానూ పోనూ టికెట్ కొట్టింది గానీ, ప్రవీణ ఏనాడూ ఆయన పేరు అడగలేదు.

"ఆయన నాకు ఏం కాడు."

దేవమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది.

"ఏం కాడా? నువ్వు మొదటిసారి బూట్లు కట్టుకొని ఉరికిన్నాడు, చుట్టాలింటికి వచ్చి గీ బల్ల మీదనే కూసున్నడు. ఆనాడు నీ నసీబ్ మంచిగుండె, కుక్కలు బట్టీ లోపల పండుకున్నయి. గవి కరిచే కుక్కలని నేను నీకు చెప్తనంటె వద్దన్నడు. చెప్తె భయపడి ఉరుకుడు బంద్ జేస్తదన్నడు. తెల్లారి నుంచి సంచి తెచ్చుడు షురూ జేసిండు. నువ్వు పోయి మళ్ల వచ్చేదాంక వాటిని కదలనిచ్చెటోడు కాదు. నేను మీ నాయిననే అనుకున్న."

జమ కావాలనే ఏస్తున్న బిడ్డా. ఆ మాట ఇప్పుడు వినిపించింది ప్రవీణకు. బస్టాండులో పైకెత్తిన ఆ చెయ్యి కూడా కళ్ల ముందుకొచ్చింది.

"ఎవ్వరో కండక్టర్ కోసం ఆయనకెందుకు గంత తిప్పలు?" అంది.

దేవమ్మ మళ్లీ చెంబు వంచింది.

"పోయినేడు గీ తొవ్వలనే నడుస్తుంటె గవే కుక్కలు ఆయన పిక్క పీకినయి బిడ్డా, గందుకే పాపం బస్సెక్కేతందుకు ఆయనకు గంత సేపైతది."